అన్నయ్య అరికాళ్ళు

మా అన్నయ్య చేపల్ని కాళ్ళతో వెతికేవాడు. ఈ మాట తాడేపల్లిగూడెంలో మా బడి స్టాఫ్ రూములో చెబితే ఎవరూ నమ్మలేదు. "వలా గాలమూ లేకుండానేనా టీచరు గారూ?" అని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కొల్లేటి లంకలో పుట్టి పెరిగినదాన్ని, చేపల గురించి కోతలు కోయాల్సిన ఖర్మ నాకేం పట్టింది? ఆ రోజునుంచీ వాళ్ళ దగ్గర మా ఊరి కబుర్లు ఎత్తడం మానేశాను. ఇప్పుడు మాత్రం రాయాలనిపిస్తోంది. అన్నయ్య కాళ్ళ విషయంలో నేనొక తప్పు చేశాను. అది ఎవరూ నన్ను అడగరు, అడగరు కాబట్టే నిద్ర పట్టదు.

అన్నయ్య నాకంటే పదకొండేళ్ళు పెద్ద. నాన్న పోయేసరికి నేను రెండో తరగతిలో ఉన్నాను. అమ్మకి ఆయాసం, ఇల్లు దాటి వెళ్ళేది కాదు. నన్ను దోనెలో కూర్చోబెట్టి గట్టుదాకా తోసుకెళ్ళి బడికి పంపిందీ, ఏలూరులో హాస్టల్లో చేర్పించిందీ, బీఈడీ దాకా చదివించిందీ అన్నయ్యే. తను ఐదో తరగతితో ఆపేశాడు. చదువు సంగతి వస్తే "నాకు కాళ్ళున్నాయి కదమ్మాయ్, నీకు బుర్ర ఉంది" అనేవాడు.

ఏప్రిల్ దాటితే మా లంక చుట్టూ నీళ్ళు మోకాళ్ళ దాకా దిగిపోతాయి. కొన్నిచోట్ల పిక్కలే తడుస్తాయి. ఎండ ముదిరేకొద్దీ పైనీళ్ళు కాగిపోతాయి. కొరమేను ఆ వేడి ఓర్చుకోలేక, గుర్రపుడెక్క నీడ చూసుకుని అడుగు బురదలో ఒదిగిపోతుంది. మిగతా రోజుల్లో వలలున్నాయి, చేపల దారికి అడ్డంగా పెట్టే వెదురు మావులున్నాయి. ఆ నెలన్నర మాత్రం చేతనైనవాళ్ళు కొందరు వట్టి కాళ్ళతో నీళ్ళలో దిగి, అడుగు తడుముకుంటూ నడుస్తారు. అది అందరికీ రాదు. అన్నయ్యకి వచ్చినంత బాగా మా లంకలో ఇంకెవరికీ రాదంటే చెల్లెలి గొప్పలనుకుంటారు గానీ, పెద్దవాళ్ళు కూడా అన్నయ్య ఏ వైపు దిగాడో చూసి ఆ వైపే దోనెలు తిప్పేవాళ్ళు.

అలా నడిచేటప్పుడు అడుగు ఎత్తి వెయ్యకూడదు. ఎత్తితే నీళ్ళు చప్పుడు చేస్తాయి. అరికాలిని జార్చుకుంటూ పోవాలి, కరెంటు పోయినప్పుడు ముసలమ్మలు గడప వెతుక్కుంటారే, అలా. బురద ఎంతదూరం పోయినా ఒకే తీరుగా మెత్తగా ఉంటుంది. అందులో ఎక్కడో కాస్త గట్టిగా, కాస్త జారుడుగా తగులుతుంది. అప్పుడు కాలు తియ్యకూడదు, నొక్కకూడదు. అలాగే ఉంచి, వంగి, పిక్క వెంబడే చెయ్యి కిందకి దించి, తల వెనకాల పట్టెయ్యాలి. కొరమేనైతేనే ఆ తంతు. జెల్ల అయితే ముల్లుంటుంది, గుచ్చుకుంటే రెండు రోజులు సలుపుతుంది. ఏది ఏదో అన్నయ్య అరికాలే చెప్పేసేది. "జెల్ల" అని పక్కకి జరిగేవాడు. నిజమో కాదో చూద్దామని నేనొకసారి దోనెలోంచి చెయ్యి పెట్టి కెలికాను. ముల్లు వేల్లో దిగింది. వేలు నోట్లో పెట్టుకుని ఏడుస్తుంటే "చెప్పానా లేదా?" అన్నాడు. అంతకు మించి జాలి చూపించలేదు.

అంత పని చేసే కాళ్ళని ఊరికే వదిలేసేవాడు కాదు. పెళ్ళికూతురు కూడా తన కాళ్ళని అంత చూసుకోదని అమ్మ వెక్కిరించేది. దిగేముందు వేళ్ళ సందుల్లో ఆముదం రాసుకునేవాడు. ఎక్కాక బిందెలో తెచ్చుకున్న మంచినీళ్ళతో కడుక్కుని, పాత నూలు చీర ముక్కతో ఒక్కో సందూ విడివిడిగా తుడుచుకునేవాడు. నానిన కాళ్ళతో వెంటనే గట్టెక్కితే ఆ వేడికి తోలు ఊడొస్తుందని, దోనెలోనే కాళ్ళు చాపుకుని కాసేపు గాలికి ఆరబెట్టుకునేవాడు. వేసవి మొదలయ్యే ముందు గోరింటాకు. అది నా పని. నీళ్ళలో నాని కాళ్ళు పాసిపోకుండా మా ఊళ్ళో మగవాళ్ళు కూడా పెట్టుకుంటారు. ఆకు దూసి, రోట్లో రుబ్బి, అన్నయ్య పది వేళ్ళ సందుల్లోనూ అరికాళ్ళకీ పట్టించేదాన్ని. అరికాళ్ళలో చక్కిలిగిలి అన్నయ్యకి మహా ఎక్కువ. అంత మీసాలాయన కాలు లాక్కుని గింజుకుంటుంటే గోడంతా గోరింటాకు అయ్యేది. నేను కావాలనే చీపురుపుల్లతో గీసేదాన్ని. "తంతానమ్మాయ్!" అని అరిచేవాడు. ఒక్కసారీ తన్నలేదు.

ఉద్యోగం తాడేపల్లిగూడెంలో వచ్చింది, పెళ్ళీ అక్కడే అయింది. నెలకో, రెండు నెలలకో ఒక ఆదివారం గూడెంలో బస్సెక్కి, భీమడోలు, గుండుగొలను మీదుగా ఏలూరులో దిగి, అక్కణ్ణించి ఆటో పట్టుకుని లంకకి వెళ్ళేదాన్ని. ఈలోగా అమ్మ పోయింది. అన్నయ్యకి పెళ్ళయి వదిన వచ్చింది. వదిన నెమ్మదస్తురాలు, అడిగితే తప్ప మాట్లాడదు. ఆవిడ చేత కాళ్ళకి గోరింటాకు పెట్టించుకోవడానికి అన్నయ్యకి సిగ్గేసింది. దాంతో ఆ పని ఆగిపోయింది. మెడికల్ షాపులో దొరికే ట్యూబేదో తెచ్చుకునేవాడు, అదీ గుర్తున్నప్పుడే.

అన్నయ్యకి షుగరుందని ఊళ్ళోకొచ్చిన మెడికల్ క్యాంపు వాళ్ళు వేలు గుచ్చి చెప్పారు. మాత్రలు రాసిచ్చారు. అన్నయ్య లెక్కలో రోగమంటే మనిషిని మంచాన పడేసేది. తనేమో నిక్షేపంలా తిరుగుతున్నాడు. అందుకని రెండు రోజులు మాత్ర వేసుకుంటే నాలుగు రోజులు మర్చిపోయేవాడు. నేను ఫోన్లో అరిచేదాన్ని. "వేసుకుంటున్నానెహె" అని పెట్టేసేవాడు.

నాలుగేళ్ళ కిందట ఒక మే నెల ఆదివారం నేను వెళ్ళేసరికి అన్నయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఖాళీ బుట్ట పక్కన బోర్లించి ఉంది. నన్ను చూసి లేవలేదు.

"కొల్లేట్లో చేప అయిపోయిందమ్మాయ్" అన్నాడు.

"అదేంటన్నయ్యా?"

"పొద్దున్నుంచీ నడిచాను. ఒక్కటి తగల్లేదు."

ఆ మాట నమ్మకపోవడానికి నాకు కారణం కనబడలేదు. మా చుట్టూ ఎటు చూసినా చేపల చెరువుల గట్లే. ప్రభుత్వం వాళ్ళు కొన్ని కొట్టేస్తారు, మళ్ళీ లేస్తాయి. వాటిల్లోంచి వదిలే నీళ్ళు రంగు మారి వస్తాయి. ఆ నీళ్ళలో దిగితే కాళ్ళు దురద. టీ కొట్టు దగ్గర ఏ ఇద్దరు కలిసినా ఇదే గోడు. అన్నయ్య చెప్పింది కూడా ఊరందరూ చెబుతున్నదే. ఇంక అనుమానం ఎక్కణ్ణించి వస్తుంది?

పైగా నేను టీచర్ని. బడిలో కొల్లేరు గురించి పాఠం వచ్చినప్పుడల్లా ఆవేశం తన్నుకొచ్చేది. "మా అన్నయ్య గంటకి నాలుగు కొరమేన్లు పట్టేవాడు పిల్లలూ, ఇప్పుడు పూటంతా నడిచినా ఒక్కటి కాలికి తగలడం లేదు. మనిషి చేసిన పాపం ఇది" అని చెప్పేదాన్ని. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. పరీక్షలో కొందరు ఆ మాటలే వ్యాసంలో రాశారు. నేను ఎర్ర సిరాతో 'చాలా బాగుంది' అని పెట్టాను. అది తల్చుకుంటే ఇప్పుడు నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుంటుంది.

వదిన ఒక్కసారి మాట జారింది. పక్కింటాయన అదే నీళ్ళలోంచి పొద్దున రెండు కొరమేన్లు తెచ్చాడంది. "వాడి అదృష్టం" అని అన్నయ్య లేచి వెళ్ళిపోయాడు. నేను వదిన మీద విరుచుకుపడ్డాను. కష్టంలో ఉన్న మనిషిని ఇంకొకళ్ళతో పోలుస్తారా అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా బియ్యం ఏరుకుంది. ఇంటిల్లిపాదిలో అనుమానం వచ్చిన ఒక్క మనిషి నోరూ అలా నేనే మూయించాను.

కళ్ళెదుట ఇంకా చాలా జరిగాయి. ఒక రోజు అన్నయ్య ఊళ్ళోంచి ఇంటికి వచ్చాడు, ఒక కాలికే చెప్పుంది. రెండోది ఏదని వదిన అడిగితే కిందకి చూసుకుని తెల్లబోయాడు. అది వీధి మొదట్లో పడి ఉంది. అంత దూరం ఒంటి చెప్పుతో నడిచొచ్చి తెలుసుకోలేదు. మేమందరం పడీ పడీ నవ్వాం. "పరధ్యానం ఎక్కువైంది, అన్నయ్యకి రెండో పెళ్ళి ఆలోచనేదో వచ్చింది వదినా" అని నేనే ఆటపట్టించాను. ఆ రోజు అన్నయ్య కూడా నవ్వాడు. ఇంకోసారి మిట్టమధ్యాహ్నం, మే నెలలో, గట్టు మీద తారు కరుగుతుంటే చెప్పుల్లేకుండా నింపాదిగా నడిచి వస్తున్నాడు. మిగతావాళ్ళు గంతులేస్తూ గడ్డి మీదకి పరుగెడుతున్నారు. "ఆయనవి కాళ్ళు కాదండీ, ఇనుము" అన్నారెవరో. నేను మురిసిపోయాను.

పోయిన వేసవికి ముందు వేళ్ళ సందుల్లో పుళ్ళు పడ్డాయి. ఎంతకీ మానలేదు. నీళ్ళ వల్లేనని అన్నయ్య అన్నాడు, నీళ్ళ వల్లేనని నేనూ అన్నాను. ఏలూరు బజారులో వెతికి, చెరువుల్లో పనిచేసేవాళ్ళు వేసుకునే రబ్బరు బూట్లు కొన్నాను. నల్లగా, మోకాళ్ళ కిందదాకా ఉంటాయి. దుకాణంలో చేతులు లోపల పెట్టి కుట్లు గుచ్చుకుంటాయేమోనని తడిమి మరీ చూసుకున్నాను. అన్నయ్య ఒప్పుకోడని నాకు తెలుసు. ఏడాది పిల్లాడికి టోపీ పెట్టినంత గొడవ అవుతుందనుకున్నాను. దారిపొడుగునా బస్సులో ఏమని నచ్చచెప్పాలో మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. నీళ్ళు మంచివి కావన్నయ్యా, మందు నీళ్ళన్నయ్యా, పుళ్ళు మానేదాకా అయినా వేసుకో అన్నయ్యా, ఇలాంటివన్నీ.

ఒక్కటీ అక్కర్లేకపోయింది. అన్నయ్య బూట్లు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కాళ్ళకి తొడుక్కున్నాడు. "బాగానే ఉన్నాయమ్మాయ్" అన్నాడు.

నేను చంకలు గుద్దుకున్నాను. తిరిగి వెళ్ళేటప్పుడు గుండుగొలను దగ్గర బస్సు ఆగినప్పుడు మావారికి ఫోను చేసి మరీ చెప్పాను, మా అన్నయ్య జీవితంలో మొదటిసారి నా మాట విన్నాడని. అరికాళ్ళతో చేపని చూసే మనిషి, అరంగుళం రబ్బరు లోపల పాదాలు పెట్టుకుని బాగానే ఉన్నాయంటే, దాని అర్థమేంటో నా బుర్రకి తట్టలేదు. ఆ బుర్రని నమ్మే కదా తను నన్ను చదివించాడు. నా మీద నాకు ఇంత కోపం ఇంకే విషయంలోనూ రాలేదు.

ఆ మే నెలంతా బూట్లతోనే దిగాడు. చేపలకోసం దిగాడనుకోలేను ఇప్పుడు. అలవాటు. పొద్దున్నే దోనె తోసుకెళ్ళడం, దిగడం, నడవడం, వట్టి బుట్టతో రావడం. లోతు పెరిగినచోట నీళ్ళు బూట్ల పైనుంచి లోపలికి వచ్చేవి. దోనె అంచు మీద కూర్చుని ఒంపేసుకుని మళ్ళీ తొడుక్కునేవాడట. అలా ఒంపుకునేటప్పుడో, తొడుక్కునేటప్పుడో, విరిగిన నత్తగుల్ల ముక్కొకటి ఎడమ బూట్లోకి వెళ్ళింది. పొద్దున ఏడింటినుంచి ఒంటిగంట దాకా అన్నయ్య దాని మీద నడిచాడు.

ఇంటికొచ్చాక వదిన కడగడానికి బూట్లు బట్టలుతికే రాయి మీద బోర్లించింది. మొదట ఎర్రటి నీళ్ళు పడ్డాయి. తరవాత గుల్ల ముక్క పడింది. ఆవిడ కెవ్వుమని అరిస్తే అన్నయ్య అన్నం ముందునుంచి లేచి వచ్చాడు. ఏమైందని వదిననే అడిగాడు. రక్తం ఎవరిదో ఆయనకి తెలియలేదు.

ఇదంతా నాకు వెంటనే చెప్పలేదు. పసుపు అద్దారు, ఆకు పసరు పోశారు. ఊరి డాక్టరు ఇంజెక్షనొకటి చేశాడు. నొప్పి లేదు కాబట్టి పెద్ద దెబ్బ కాదనుకున్నారు. నొప్పి లేకపోవడమే అసలు జబ్బని చెప్పేవాళ్ళెవరూ అక్కడ లేరు. వారం తరవాత ఆదివారం నేను వెళ్ళాను. గుమ్మంలోనే వాసన తగిలింది. ఎలక చచ్చిందేమో చూడండి వదినా, అన్నాను. వదిన నా వంక చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మంచం వైపు చూపించింది.

ఏలూరు ఆసుపత్రిలో డాక్టరు చిన్నపిల్ల, నా పాత విద్యార్థుల ఈడు. గాయం చూశాక రెండో కాలు కూడా చూపించమంది. చేతిలో పుల్లకి కట్టిన నైలాను దారం ముక్క ఉంది, గాలం దారంలా సన్నగా.

"కళ్ళు మూసుకోండి పెద్దాయనా. ఇది మీ కాలికి తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పండి, చాలు."

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. పరీక్ష రాస్తున్న పిల్లాడిలా నుదురు ముడిపడింది. డాక్టరు ఎడమ పాదం మడమకి దారం ఆనించింది. అన్నయ్య మాట్లాడలేదు. బొటనవేలికి ఆనించింది. మాట్లాడలేదు. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకోవడానికి దారం తీసేసి పక్కకి తిరిగింది.

"తగిలిందండీ" అన్నాడు అన్నయ్య.

ఆవిడ చెయ్యి ఆగింది.

"ఇప్పుడు కూడా తగిలిందండీ" అన్నాడు మళ్ళీ. ఆ అమ్మాయి దారం టేబుల్ మీద పెట్టేసి ఉంది. "ఇప్పుడు బొటనవేలికండీ."

నేను అన్నయ్య చెయ్యి పట్టుకున్నాను. కళ్ళు మూసుకునే చిన్నగా నవ్వాడు, అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పినట్టు. నాకు అక్కడే, అందరి ముందూ, ఏడుపు ఆగలేదు.

కుడికాలు కాస్త నయమన్నారు. మడమ మీదా, అరికాలి మధ్యలోనూ ఇంకా కొంచెం తెలుస్తోంది, జాగ్రత్తగా చూసుకుంటే నిలబడుతుందన్నారు. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు, వదిన టీ తేవడానికి కిందకి వెళ్ళినప్పుడు, నేను బూట్ల సంగతి ఎత్తాను. నేనే తెచ్చాను కదన్నయ్యా, నా చేతులతో నేనే, అన్నాను. అన్నయ్య ఫాను వంక చూస్తూ పడుకున్నాడు.

"నీ బూట్లకేం తెలుసే" అన్నాడు. "నాకు ముందే తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మూడేళ్ళవుతుంది. ఓ రోజు నడుస్తున్నాను. నా వెనకాలే నీళ్ళు టప్పుమన్నాయి. తిరిగి చూస్తే కొరమేను. ఇంత పొడుగుంది. బురద లేచిన తీరు చూస్తే నా కాళ్ళ కిందనుంచే వెళ్ళింది. దాని మీద నిలబడ్డాను నేను. నిలబడి కూడా..." అని ఆగాడు. "ఆ రోజే నువ్వొచ్చావు. చేప లేదన్నాను."

నేను ఎందుకు చెప్పలేదన్నయ్యా అని అరిచాను. వార్డులో నలుగురు తిరిగి చూశారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. కోపమంటే ఎవరి మీదో తెలియని కోపం. షుగరు సంగతి తెలిసి, సైన్సు పాఠాలు చెబుతూ, నెలనెలా వచ్చి పోతూ, చూడలేకపోయాను కదా.

"చెబితే నీళ్ళలో దిగనిచ్చేవాళ్ళా మీరు?" అన్నాడు. "ఊళ్ళో తెలిస్తే నా వెనకాల ఎవడైనా దోనె తిప్పుతాడా?" ఫాను మీంచి చూపు నా వైపు తిప్పి, "నువ్వు బళ్ళో పిల్లలకి చెబుతున్నానన్నావు కదా, కొల్లేట్లో చేప అయిపోయిందని. నాకు బానే అనిపించిందమ్మాయ్. నేనే అంటే ఒకటి. టీచరు గారు కూడా అంటే నిజమే అయుంటుందనుకున్నాను" అన్నాడు.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు గోడవైపు తిరిగి పడుకున్నాడు. వర్షాకాలం అలాగే గడిచింది. నీళ్ళు పెరిగి మా అరుగు దాకా వచ్చాయి, వెళ్ళాయి. చలికాలంలో ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి మంచం మీద లేచి కూర్చుని, వెదురు కర్రొకటి కత్తితో నున్నగా చెక్కుతున్నాడు. చంక కింద పెట్టుకునే కర్ర అనుకున్నాను. అంతకంటే చాలా పొడుగుంది.

"నీళ్ళలోకి" అన్నాడు. "ఎడమవైపు ఇది దించుకుంటాను. కుడికాలుంది కదా. నిలబడి తడుముకుంటే చాలు, నడవక్కర్లేదు. దోనె కూడా పట్టుకోవచ్చు."

వదిన నా వంక చూసింది. ఈసారి ఆవిణ్ణి నేనేమీ అనలేదు. అన్నయ్యనీ ఏమీ అనలేకపోయాను. చాలా నెలల తరవాత ఆ మొహంలో రక్తం కనబడింది.

డాక్టరు కుడికాలు రోజూ చూసుకోమంది. వదిన రోజూ పొద్దున్నే అరికాలు తిప్పి చూస్తుంది, గీరుకుందా, ఎర్రబడిందా అని. నేను వెళ్ళిన ఆదివారాలు ఆ పని నాది. చూడ్డం అయ్యాక అన్నయ్య వదలడు. "నొక్కమ్మాయ్" అంటాడు. కళ్ళు మూసుకుంటాడు. నేను బొటనవేలితో నొక్కుతాను. ఆసుపత్రిలోలాగా చెయ్యడు. తెలిస్తేనే చెబుతాడు. "మడమ", "ఆఁ, మధ్యలో". జనవరి మొదట్లో రెండూ చెప్పాడు. సంక్రాంతి సెలవుల తరవాత వెళ్ళినప్పుడూ చెప్పాడు. ఫిబ్రవరిలో మడమ చెప్పలేదు. చలికి మొద్దుబారిందేమోలే అన్నాడు. మధ్యలో మాత్రం ఠక్కున చెప్పాడు. మార్చిలో పిల్లల పరీక్షల వల్ల నేను వెళ్ళలేకపోయాను. వదిన ఫోన్లో "ఏమోనండి అమ్మాయిగారూ, నేను నొక్కితే సరిగ్గా నొక్కలేదంటున్నారు" అంది.

మొన్న ఆదివారం వెళ్ళాను. ఎండ అప్పుడే మండుతోంది. నీళ్ళు దిగిపోయాయి, దోనె సగం బురదలో కూరుకుని ఉంది. నున్నగా చెక్కిన కర్ర గోడకి ఆనించి ఉంది. దాని కొనకి జారకుండా రబ్బరు ముక్క కూడా తొడిగించాడు. వచ్చే వారం దిగుతానన్నాడు. పక్కింటాయనతో మాట్లాడానని, ఆయన దోనె పట్టుకుంటాడని చెప్పాడు. వదిన వంటింట్లోంచి బయటికి రాలేదు.

నేను నేల మీద కూర్చుని పాదం ఒళ్ళో పెట్టుకున్నాను. శుభ్రంగా ఉంది. ఎక్కడా గీత కూడా లేదు. వదిన ఎంత జాగ్రత్తగా చూస్తోందో ఆ వేళ్ళ సందులు చూస్తే తెలుస్తుంది. అన్నయ్య దిండుకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

మడమ మీద నొక్కాను. పలకలేదు. అది నేననుకున్నదే. అరికాలి మధ్యలోకి వేలు జరిపి నొక్కాను. ఇంకాస్త బలంగా నొక్కాను. తరవాత రెండు చేతుల బొటనవేళ్ళూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మోకాళ్ళ మీద లేచి, ఒంటి బరువంతా వేశాను. గోరు చుట్టూ చర్మం తెల్లబడిపోయింది.

"ఎంతసేపమ్మాయ్, మొదలెట్టు" అన్నాడు అన్నయ్య.

ఆ క్షణంలో నాకు ఎన్ని అబద్ధాలు నోటిదాకా వచ్చాయో చెప్పలేను. ఉండన్నయ్యా, ఇదిగో ఇప్పుడే అనొచ్చు. వారం వాయిదా పడేది. ఒక వారం ఆ మొహం అలాగే ఉండేది. కానీ ఎడమకాలు ఎలా పోయిందో నాకు తెలుసు. ఇంకో అబద్ధం మోసే కాలు ఈ ఇంట్లో లేదు.

"నొక్కుతున్నానన్నయ్యా" అన్నాను. "ఇందాకట్నుంచీ నొక్కుతూనే ఉన్నాను."

అన్నయ్య కళ్ళు తెరిచాడు. దిండు మీంచి తలెత్తి, నా వేలెక్కడుందో చూసుకున్నాడు.